మా బావ మోకాలు

"ఇవాళ్టి నుంచి ఈ దేశంలో ఏ మోకాలూ అనాథ కాదు!"

పెద్దాయన మైకులో ఈ మాట అనగానే మైదానం చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. కొట్టక తప్పదు. ఆ ప్రకటన వెనకున్న మోకాలు మా బావది.

పెద్దాయన అంటే అప్పటి మా ప్రభుత్వాధినేత. మా బావ అంటే మా అక్క భర్త, అధికార పార్టీలో కార్యక్రమాల ఉపకార్యదర్శి. హోదా పేరు పొడుగే గానీ పని పొట్టిది. పెద్దాయన బూటు లేసు ఊడితే కట్టడం. పెద్దాయనది ఘనమైన పొట్ట. ఆయన తన బూట్లను కళ్ళారా చూసుకుని చాలా కాలమైందని దగ్గరివాళ్ళు చెబుతారు. అందుకని మా బావ ఎప్పుడూ ఆయనకు ఒకడుగు వెనకగా, చూపు నేలకు ఆనించి నడిచేవాడు. లేసు వదులైందంటే చాలు, రెప్పపాటులో ఒక మోకాలి మీద వాలి, ముడి బిగించి, ఏమీ ఎరగనట్టు లేచి వెనక్కి వచ్చేవాడు. పెద్దాయన నడక ఆగేది కాదు, ప్రసంగం తడబడేది కాదు. అంత పనితనం ఉన్న మనిషికి నేను బామ్మర్దిని. వాళ్ళ మేడ మీద గదిలో అద్దె కట్టకుండా ఉంటున్నాను కాబట్టి ఇలా పొగుడుతున్నానని కొందరంటారు. అననివ్వండి.

ఆ ప్రకటనకు కొన్నాళ్ళ ముందు ఒక సభలో పెద్దాయన వేదిక దిగుతుండగా లేసు ఊడింది. ఆయన తొందరలో ఉన్నారు. మెట్ల మీద చోటు లేదు. బావ పక్కనుంచి కిందికి దూకాడు. పాదం నేలకు అతుక్కుపోయింది, ఒళ్ళు మాత్రం పెద్దాయన వైపు తిరిగింది. మోకాల్లో "టప్" మంది. స్పీకరు పేలిందేమోనని మైకులవాడు వెనక్కి చూశాడు. బావ ముందు ముడి పూర్తిచేశాడు, ఆ తర్వాతే పడిపోయాడు. క్రమశిక్షణ అంటే అదీ.

పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు ప్లాస్టిక్ మోకాలు ఒకటి బల్లమీద పెట్టి వివరంగా చెప్పాడు.

"లోపల రెండు ఎముకల్నీ కలిపి పట్టుకునే తాడు లాంటిది ఉంటుంది. లిగమెంటు. అది తెగింది."

"ముడి వెయ్యలేరా డాక్టరుగారూ?" అన్నాడు బావ వృత్తిధర్మం కొద్దీ.

"ముడి నిలవదండీ. తెగిన చోట పీచులా విడిపోయింది. దీనికి రెండు దార్లు. మీ తొడ వెనకనుంచి ఒక నరం లాంటిది తీసి అక్కడ అమర్చాలి. లేదంటే కృత్రిమ లిగమెంటు. పాలిస్టర్ దారాలతో నేసిన పట్టీ. ఎముకల్లో సొరంగాలు తొలిచి, పట్టీని దూర్చి, రెండు వైపులా స్క్రూలు బిగిస్తాం. దాంతో తొందరగా లేచి తిరుగుతారు."

"పాలిస్టరంటే చొక్కాల గుడ్డే కదండీ?" అంది అక్క.

"పేరు అదేనమ్మా. ధర అది కాదు. పైగా మా దగ్గర ఒక్కటే ఉంది. అదీ పక్క మంచం ఆవిడ కోసం తెప్పించింది."

పక్క మంచం మీద ఉన్నావిడ మా పేటలో ఉత్తరాలు పంచుతుంది. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే కాలు మెలిపడి లిగమెంటు తెగిందట. అప్పటినుంచి నడుస్తున్నప్పుడు మోకాలు ఉన్నట్టుండి చేతులెత్తేస్తుందట. ఆ రోజే ఆపరేషన్. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టుకోకుండా పడుకుని ఉంది. ఏ కాలో పొరపాటు పడకుండా ఆవిడ మోకాలి మీద సిరాతో బాణం గుర్తు కూడా వేశారు.

ఇంతలో, ఆరోగ్యశాఖలో బావ ఎరిగినవాళ్ళ చలవతో, సూపరింటెండెంటుగారి గదిలో ఫోను మోగింది. ఆయన నిలబడి మాట్లాడాడు, నిలబడే పెట్టేశాడు, నేరుగా మా వార్డుకొచ్చి, దూది స్పిరిట్‌లో ముంచి, ఆవిడ మోకాలి మీది బాణాన్ని తన చేత్తోనే తుడిచాడు. అంత పెద్ద డాక్టరు స్వయంగా రోగికి సేవచేయడం నేను మొదటిసారి చూశాను.

"మీది రెండో విడతమ్మా," అన్నాడు.

"మొదటి విడత ఎప్పుడు మొదలైందండీ?" అందావిడ.

"ఇప్పుడే."

మోకాలి భరోసా పథకం పుట్టింది అక్కడే. పెద్దాయన దాన్ని ప్రజలకు ప్రకటించింది తర్వాత. పోస్టర్ల మీద మొదటి లబ్ధిదారుడి మోకాలు వేద్దామని ఎవరో అన్నారు గానీ, అది కెమెరాకు అంత బాగుండదని ఎవరో ఆటగాడి మోకాలు వేశారు. ఆ లబ్ధిదారుడి పేరు పెద్దాయనకు కూడా తెలియకుండా గోప్యంగా ఉంచారు. బావకు కావలసింది కూడా అదే. మోకాలు చెడిందని తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఆ లేసుల కోసం పార్టీలో ఎంతమంది ఎదురుచూస్తున్నారో ఆయనకు తెలుసు. అందుకని ఆ రోజు పడిపోయింది విషజ్వరంతోనని ఆఫీసుకు కబురుపెట్టాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగానే చెప్పాడు. "నిలబడండి, నడవండి, మీ ఇష్టం. మోకాలి మీద వాలడం మాత్రం నేను చెప్పేదాకా పనికిరాదు. వాలారంటే స్క్రూ కదులుతుంది, మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది." తొడ నుంచి పిక్క దాకా ఒక కట్టు కూడా బిగించాడు. దానికి అటూ ఇటూ లోహపు కమ్మీలు, మోకాలి దగ్గర మడతబందు, ఆ బందుకొక గొళ్ళెం. గొళ్ళెం వేస్తే కాలు నిటారుగా కర్రలా ఉండిపోతుంది. బావ వదులు ప్యాంటు కుట్టించుకుని కట్టును అందులో దాచాడు.

పార్టీ మహాసభ వచ్చింది. వెళ్ళకపోతే అనుమానం వస్తుంది, వెళ్తే ప్రాణసంకటం.

"పెద్దాయనకి చెవిలో చెప్పెయ్యండి. ఆయనేమన్నా రాక్షసుడా?" అంది అక్క.

"లేసు ఊడకపోతే చెప్పాల్సిన పనే లేదుగా," అన్నాడు బావ.

ఊడింది. పెద్దాయన బల్లగుద్ది "మనం ఎవరికీ వంగం!" అంటున్న ఘట్టంలోనే ఊడింది. ఆయన అలవాటుగా కుడిపాదం కాస్త ముందుకు చాచారు. పాదం అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూశారు. బావ గడకర్రలా నిలబడి ఉన్నాడు. మొహమంతా చెమట.

"ఏరా?" అన్నారు పెద్దాయన.

"కుదరదండీ."

"ఏంటీ?"

"వంగడం కుదరదండీ."

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట హాలంతా మోగింది. వేదిక మీద కనీసం డజను మందికి ఆ లేసు కట్టాలని చేతులు దురద పెట్టాయి గానీ ప్రోటోకాల్ ఒప్పుకోలేదు. పెద్దాయన తేరుకుని, "ఎవరికీ వంగం!" అని మళ్ళీ అని, ఒకడుగు ముందుకేసి, తన లేసు తనే తొక్కి, మైకుబల్లను కావలించుకున్నారు. మైకుబల్ల, ఆయన, ఒకరినొకరు వదలకుండా జనంలోకి దిగిపోయారు. దెబ్బలేమీ తగల్లేదు. తగిలినట్టు ఫొటోల్లో మాత్రం బాగా వచ్చింది.

మర్నాడు పత్రికల్లో ఒకటే హెడ్డింగు: వంగని మోకాలు. బావ దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాడు. "అయిపోయిందే, నా బతుకు అయిపోయింది," అని ముసుగులోంచే అక్కతో చెప్పుకుని ఏడ్చాడు. సాయంత్రం ఇంటి ముందు కార్లు ఆగాయి. అరెస్టు చేయడానికొచ్చారనుకుని నేను మేడ మీదికి పరిగెత్తబోయాను. వచ్చింది మాజీ.

మాజీ అంటే పెద్దాయన మంత్రివర్గం నుంచి తీసేసిన మనిషి. ఏ శాఖకు మాజీనో జనం మరిచిపోయారు గానీ మాజీ అన్న పేరు మాత్రం ఆయనకు స్థిరపడిపోయింది. లోపలికొస్తూనే బావను మంచం మీంచి లేపి కావలించుకున్నాడు.

"తమ్ముడూ! ఇన్నేళ్ళుగా మా గొంతుల్లో ఇరుక్కున్న మాట. నువ్వు రెండు ముక్కల్లో అనేశావయ్యా!"

"అది కాదండీ, డాక్టరుగారు వద్దన్నారండీ..."

మాజీ తన వెంట వచ్చినవాళ్ళ వైపు తిరిగాడు. "విన్నారా? డాక్టర్లు కూడా మనవైపే!"

"ఆయనకి ఆపరేషనయిందండీ," అంది అక్క విషయం తేల్చేద్దామని.

మాజీ గొంతు తగ్గించి తలుపు వెయ్యమని సైగ చేశాడు. "ఆపరేషన్ అయిపోయిందా? మాకు చెప్పకుండానే? ఎంతమంది ఉన్నారు?"

"ఇద్దరు డాక్టర్లు, మత్తిచ్చేవాడు ఒకడు," అన్నాను నేను.

"మత్తులో ఉండగా లాగేశారన్నమాట." మాజీ నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరీ అబ్బాయి? పనికొస్తాడు."

ఇక లాభం లేదని బావ ప్యాంటు పైకెత్తి కట్టు చూపించాడు. కమ్మీలు, మడతబందు, గొళ్ళెం. మాజీ వాటిని వేలితో తాకి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పొరపాటున కూడా వంగకూడదని ఇనప కమ్మీలు కట్టుకున్నావా తమ్ముడూ?"

వాళ్ళు వెళ్ళాక పెరటి గుమ్మంలోంచి ఇంకొకాయన వచ్చాడు. పెద్దాయన కార్యదర్శి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పెద్దాయన చాలా పెద్ద మనసు చేసుకున్నారండీ. మీకోసం ఒక మెట్టు దిగారు. ఇకమీదట లేసుల్లేని బూట్లు వేసుకుంటానన్నారు."

బావ మొహం పాలిపోయింది. "లేసులు లేకుండానా? మరి నేనో?"

కార్యదర్శి చెప్పులేసుకున్నాడు. అతను గుమ్మం దాటేసరికి బావ మాజీకి ఫోను చేసి, వస్తున్నానని చెప్పాడు.

"నిజం చెప్పి చక్కగా ఇంట్లో కూర్చోవచ్చుగా," అంది అక్క.

"నిజం చెబితే పెద్దాయన క్షమిస్తాడే. వీళ్ళు క్షమించరు."

తర్వాత కథ మీరు పత్రికల్లో చదివే ఉంటారు. పార్టీలో సగం మంది "వంగం" అన్నారు. మిగతా సగం మంది, "వంగం" అన్నవాళ్ళు గెలిచేటట్టున్నారని తెలిసి, తామూ "వంగం" అన్నారు. పెద్దాయన లేసుల్లేని బూట్లతో ఇంటికెళ్ళిపోయారు. మాజీయే కొత్త ప్రభుత్వాధినేత అయ్యాడు, పేరు మాత్రం మారలేదు. మోకాళ్ళ విషయంలో అనుభవం ఉందని బావకు ఆరోగ్యశాఖ ఇచ్చారు.

అప్పటినుంచి బావ కట్టును ప్యాంటు మీదనే బిగించుకుని తిరగసాగాడు. అది చూసి మాజీ ఒకటి కట్టుకున్నాడు. మాజీని చూసి మంత్రులు, మంత్రుల్ని చూసి శాసనసభ్యులు. యువజన విభాగం వారు ఆవేశపరులు కనుక రెండు కాళ్ళకూ కట్టుకున్నారు. ఆత్మగౌరవ సదస్సుకు వాళ్ళను లారీలోకి పలకల్లా ఎక్కించడం నేను స్వయంగా చూశాను. మంత్రివర్గ సమావేశాల్లో అందరూ కాళ్ళు బార్లా చాపుకుని కూర్చోవడంతో బల్ల కింద చోటు చాలక కొత్త బల్ల చేయించారు. ప్రభుత్వం నిలకడగా ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఒక ఆదివారం ఎముకల డాక్టరు ఇంటికొచ్చి బావ మోకాలు పరీక్షించాడు. గొళ్ళెం తీసి, మడిచి, చాపి, అటూ ఇటూ లాగి చూసి మురిసిపోయాడు.

"అద్భుతమండీ! ఇక కట్టు అవతల పారెయ్యండి. నిక్షేపంగా వంగుతోంది. కావాలంటే రోజంతా మోకాళ్ళ మీదే ఉండొచ్చు మీరు."

బావ లేచి వెళ్ళి కిటికీ మూసొచ్చాడు. "ఈ మాట ఇంకెవరికైనా చెప్పారా?"

"ఎందుకు చెప్పనండీ, కాన్ఫరెన్సులో చూపిద్దామనుకుంటున్నాను. కృత్రిమ లిగమెంటు ఇంత బాగా..."

ఆ డాక్టరు సేవలను గుర్తించి బావ ఆయన్ను వాతావరణ శాఖకు డైరెక్టరుగా పంపించాడు. మబ్బులకు మోకాళ్ళుండవు.

కానీ అక్కకు తెలిసిపోయిందే! ఆ వారంలోనే ఉత్తరాలావిడ మా గేటు దగ్గరికొచ్చింది. ఉద్యోగం ఊడకుండా ఉండాలని కుంటుకుంటూనే ఉత్తరాలు పంచుతోంది. మోకాలికి పాత తువ్వాలు చుట్టి, అందులో రెండు చెక్క స్కేళ్ళు దోపి, దారంతో కట్టుకుంది.

"ఇదేంటమ్మా? ఆసుపత్రిలో కట్టు ఇవ్వలేదూ?" అంది అక్క.

"అయిపోయాయన్నారమ్మా. ఉన్నవన్నీ పార్టీ ఆఫీసుకి పంపించేశారంట."

అక్క గిరుక్కున లోపలికొచ్చింది. బావ పేపరు చదువుకుంటున్నాడు. కట్టు కాలికే ఉంది.

"విప్పండి."

"ఏంటే?"

"మీకు అక్కర్లేదుగా. ఆవిడకి కావాలి. విప్పి ఇవ్వండి."

బావ రెండు చేతులతో కట్టును పట్టుకున్నాడు. పసిపిల్లాణ్ణి లాక్కుపోతారేమోనన్నట్టుంది ఆ పట్టు. "ఇది విప్పితే ప్రభుత్వం పడిపోతుందే!"

"ఆవిడ రోజుకి రెండుసార్లు పడుతోందండీ. మెట్ల మీద."

నేను ఆ సమయంలో గోడ గడియారం చూస్తున్నాను. అక్క నన్ను చూసి, "నువ్వయినా చెప్పవేరా," అంది. బావ కూడా నన్నే చూశాడు. గడియారం సరిగ్గానే నడుస్తోందని చెప్పాను.

"సరే," అన్నాడు బావ చివరికి. "కట్టెందుకు? లిగమెంటే ఇప్పిస్తా. రెండో విడత ప్రారంభిస్తాం. మొదటి పేరు ఆవిడదే. సరేనా?"

అక్క నమ్మింది. నేనూ నమ్మాను. బావ కూడా మనస్ఫూర్తిగానే అన్నాడు, అందులో సందేహం లేదు.

రెండో విడత ప్రారంభోత్సవం పెద్దాసుపత్రి ఆవరణలోనే పెట్టారు. పొడుగాటి బల్ల, తెల్లటి గుడ్డ, వరసగా మంత్రులు, కట్లు. వేదికకు అడ్డంగా ఇనప కమాను, దాని కింద వలలో బంధించిన రంగురంగుల బుడగలు. ఉత్తరాలావిడను మైకు పక్కన నిలబెట్టారు. చేతికర్ర సాయంతో నిలబడింది. సభ అయిపోగానే ఆపరేషన్ అని కొత్త ఎముకల డాక్టరు చెప్పాడట, పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఉంది. బల్లమీద స్టీలు పళ్ళెం, పళ్ళెంలో సీలు వేసిన ప్యాకెట్, ప్యాకెట్లో ఆవిడ లిగమెంటు. ముందు వరసలో అక్క, ఆమె ఒళ్ళో నా భోజనం డబ్బా, పక్కన నేను. అక్క ఆవిడకు చెయ్యి ఊపింది. ఆవిడ నవ్వింది.

బావ బ్రహ్మాండంగా మాట్లాడాడు. మోకాలు మనిషికి వెన్నెముక లాంటిదన్నాడు. తర్వాత ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాడు.

"గత ప్రభుత్వం ప్రజలకి ప్యాకెట్లు చూపించింది. మనం లోపల ఉన్నది చూపిస్తాం!" అని చర్రున చింపాడు. లోపల ఇంకో ప్యాకెట్ ఉంటే అదీ చింపాడు.

"సార్! సార్!" అంటూ కొత్త డాక్టరు కుర్చీలోంచి లేచాడు. "చింపకూడదు సార్! చెయ్యి తగిలితే ఇంక పనికిరాదు సార్, అది స్టెరైల్..."

"కూర్చోండి డాక్టరుగారూ. మా ప్రభుత్వంలో దాపరికం లేదు."

పట్టీ తెల్లగా మెరుస్తూ బయటికొచ్చింది. బావ ఒక కొస తను పట్టుకుని రెండో కొస మాజీకి ఇచ్చాడు. ఇద్దరూ అటూ ఇటూ లాగారు. "తెగదు!" అన్నాడు బావ. "తెగదు!" అన్నాడు మాజీ. మంత్రులందరూ వంతులవారీగా లాగి చూసి, తెగదని ధ్రువీకరించారు. ఒకాయన పంటితో కూడా పరీక్షించాడు. జనం ఈలలు వేశారు. డాక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. ఉత్తరాలావిడ అందరితో పాటు చప్పట్లు కొడదామనుకుంది గానీ చేతిలో కర్ర ఉంది.

అప్పుడు బుడగలు వదిలారు. కమానుకు పైన మొనదేలిన తీగలున్న సంగతి ఎవరూ చూసుకోలేదు. బుడగలన్నీ ఒక్కసారి పైకి లేచి తీగలకు కొట్టుకున్నాయి. ఢాం ఢాం ఢాం ఢామ్మని తుపాకులు పేలినట్టు మోత.

పొగ లేదు, మంట లేదు, రబ్బరు ముక్కలు మెల్లగా రాలుతున్నాయి. వేదిక మీద కుర్చీలన్నీ ఖాళీ. బల్లకు పరిచిన తెల్లగుడ్డ నేలదాకా లేదు. కింద వరసగా మోకాళ్ళు కనిపిస్తున్నాయి. ఎంత చక్కగా మడతపడ్డాయో! ఒక్క కమ్మీ కిర్రుమనలేదు, ఒక్క గొళ్ళెం అడ్డురాలేదు. అందరికంటే ముందు వాలిన మోకాలు మాత్రం మా బావదే. అంత వేగం మామూలు మనిషికి సాధ్యం కాదు.

ఉత్తరాలావిడ ఒక్కర్తే నిలబడి ఉంది. అటూ ఇటూ చూసింది. ఎవరూ పైకి రాలేదు. కర్ర మార్చుకుని, మైకు దగ్గరికి వంగింది.

"అయ్యా, నా ఆపరేషన్ ఇవాళేనా?"

ఆవరణంతా వినిపించింది. బల్ల కింద గుసగుసలు జరిగాయి. తర్వాత తెల్లగుడ్డ వెనకనుంచి బావ గొంతు స్పష్టంగా వచ్చింది.

"మూడో విడతలో తప్పకుండా అమ్మా!"

కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూ పక్కకు చూస్తే అక్క కుర్చీలో లేదు. అప్పటికే వేదిక మెట్లెక్కి ఉత్తరాలావిడ దగ్గరికి వెళ్తోంది, నాకోసం తెచ్చిన మధ్యాహ్నం భోజనం డబ్బా చేత్తో పట్టుకుని.